నలభై మూడు నిమిషాల ఆమేన్

మా మామ్మ లీలారాణి దగ్గరున్నన్ని రహస్యాలు ఏ కంపెనీ సర్వర్లోనూ లేవు. అద్దాల మేడల్లో కూర్చుని లోకంలో అందరి ఫోన్లలోకీ తొంగిచూసే పెద్దమనుషులు ఒక్కసారి రైలెక్కి కోటబొమ్మాళి వచ్చి, మా పెరట్లో రాతిబల్ల పక్కన ఆర్నెల్లు మఠం వేసుకుని కూర్చుంటే, మాట దాచడం ఎలాగో మామ్మ నేర్పించి పంపేది. అంతెందుకు, మా వీధి సంగతి ఏదైనా మర్చిపోతే దేవుడు కూడా మామ్మనే అడిగి గుర్తు చేసుకుంటాడు. నేను కాస్త పెంచి చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. పెంచిన మాట నిజమే. కానీ మరీ ఎక్కువ పెంచలేదు.

మామ్మకి డెబ్బై రెండేళ్ళు. మా బాప్టిస్టు సంఘంలో ముప్పై ఒక్క సంవత్సరాలు బైబిల్ ఉమన్‌గా పనిచేసింది. తెల్లచీర, నల్లగొడుగు, ఒక రెగ్జిన్ సంచీ. సంచీలో బైబిలు, పాటల పుస్తకం, మంచినీళ్ళ సీసా. ఊరూరూ నడిచి, ఆడవాళ్ళు బియ్యం చెరుగుకునే చోట, చేపలు ఎండబెట్టుకునే చోట కూర్చుని, ఒక వాక్యం చదివి, ఒక పాట పాడి, వాళ్ళు చెప్పేది వినడం ఆ ఉద్యోగం. చదవడానికి పది నిమిషాలు పట్టేది, వినడానికి రెండు గంటలు. జీతం మాత్రం చదివినదానికే ఇచ్చేవారు. మోకాళ్ళు అరిగిపోయాక మామ్మ నడక మానేసింది. అప్పటినుంచి జనమే మామ్మ దగ్గరికి రావడం మొదలుపెట్టారు.

సాయంత్రం నాలుగు దాటితే పెరటి తలుపు దగ్గర ఎవరో ఒకరు దగ్గేవారు. అదే కాలింగ్ బెల్లు. వచ్చినవాళ్ళు రాతిబల్ల మీద మామ్మ పక్కన కూర్చుని, నేల చూస్తూ మాట్లాడేవారు. నేను బట్టలు తీసే వంకతో అటు వెళితే మాట ఆగిపోయేది. నేను ఒక్కొక్క క్లిప్పూ తీసి లెక్కపెట్టినట్టు నటించినా మళ్ళీ మొదలయ్యేది కాదు. దీన్ని మాలో ప్రార్థన విన్నపం అంటారు. భర్త చెయ్యి చేసుకోవడం, కూతురికి నిలవని కడుపు, డాక్టరు కాగితం మీద రాసిన పెద్ద పేరు, పాస్టరు గారికి కూడా చెప్పుకోలేనివి అన్నీ అందులోకి వస్తాయి. విన్నాక మామ్మ సలహా ఇచ్చేది కాదు. ఒక చింతపిక్క తీసి పాత పాలపిండి డబ్బాలో వేసేది. అంతే, వాళ్ళు లేచి వెళ్ళిపోయేవారు.

రోజూ తెల్లవారి ఐదింటికి ఆ డబ్బా తీసి, ఒక్కో పిక్కా చేతిలోకి తీసుకుని, ఆ మనిషి కోసం ప్రార్థించి, రెండో డబ్బాలో వేసేది, అన్నీ అయ్యాక మళ్ళీ మొదటి డబ్బాలోకి పోసేది. ఎక్కడా రాత లేదు. పిక్కలన్నీ మన కళ్ళకి ఒక్కలాగే ఉంటాయి. ఒకసారి నేను పరీక్ష చేద్దామని ఒక పిక్క తీసేసి, వంటింట్లోంచి వేరే పిక్క తెచ్చి వేశాను. మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఉంటే పిలిచి, ఆ కొత్త పిక్క నా అరచేతిలో పెట్టింది.  ఆ రోజు మధ్యాహ్నం నా పళ్ళెంలో చేప ముక్క కూడా పెట్టలేదు.

మామ్మ ప్రార్థనకి ఇంకో పద్ధతి ఉంది. దేవుడికి అన్నీ తెలుసు కదా, క్లుప్తంగా చెప్పొచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు. పెద్ద ఆఫీసులో అర్జీ పెట్టుకున్నట్టు ఇంటిపేరు, తండ్రిపేరు, వీధి, గేటు రంగుతో సహా పైకి చెప్పేది. ఆ తర్వాతే విషయం. ఒకే పేరుగలవాళ్ళు మా సంఘంలో చాలామంది ఉన్నారని, ఒకరికి ఇవ్వాల్సింది ఇంకొకరికి వెళ్ళిపోతే ఎవరిది బాధ్యత అని మామ్మ వాదన. ఈ పద్ధతి గుర్తుంచుకోండి. మా కొంప దీనివల్లే మునిగింది.

ఇక నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నా పేరు షీబా. ఇంటర్లో లెక్కలు రెండుసార్లు తప్పి చదువు మానేశాను. స్టేషన్ రోడ్డులో ధర్మేంద్ర గారి సెల్ షాపులో పని. అమ్మా నాన్నా పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పొద్దుటి రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి వస్తారు కాబట్టి మామ్మతో పోట్లాటలన్నీ నా వంతే.

సెల్ షాపులో కూర్చుంటే మనుషుల గురించి ఒక సంగతి తెలుస్తుంది. పెట్టెకి రెండు తాళాలు వేసుకునేవాళ్ళు ఫోన్ మాత్రం తెరిచి చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోతారు. లాక్ నంబర్ చీటీ మీద రాసి ఫోన్ వెనక అంటించి ఇస్తారు. యాప్ ఏదైనా వేస్తే, నీ ఫోటోలు చూడనా, నీ మాటలు విననా, నువ్వెక్కడున్నావో తెలుసుకోనా అని అది అడుగుతూనే ఉంటుంది. ఒక్కరూ చదవరు. సరే, సరే, సరే అని నొక్కేస్తారు. ఇవన్నీ ఇంటికి వచ్చి మామ్మకి చెబుతుండేదాన్ని. ఒకరోజు, టార్చిలైటు యాప్ కూడా ఫోన్లో ఉన్న పేర్లన్నీ చూపించమంటుందని చెప్పాను. మామ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. దీపానికి ఊళ్ళో జనాల పేర్లతో పనేమిటని అడిగింది.  కాసేపటికి, బాగు చెయ్యమని ఇచ్చినవాళ్ళ ఫోన్లలోకి నువ్వు తొంగిచూస్తావా అని అడిగింది. లేదన్నాను. ఊఁ అంది. ఆ ఊఁ వింటే నమ్మినట్టు అనిపించలేదు.

అలాంటి మనిషికి స్మార్ట్‌ఫోన్ కొనిపెట్టింది నేనే. షాపులో పాతవి మార్పిడికి వస్తాయి. వాటిలో గీతలు తక్కువున్నది చూసి తెచ్చాను. అప్పట్లో మా పాస్టరు సత్యానందం గారు సంఘానికి వాట్సాప్ గ్రూప్ పెట్టారు. రెండు వందల పన్నెండు మంది. రోజుకొక పెద్ద విశ్వాసి పొద్దున్నే నోటితో ప్రార్థన చేసి గ్రూపులో పెట్టాలి. మంగళవారం మామ్మ వంతు. బొటనవేలు నొక్కి పట్టుకోవడం మామ్మకి కష్టం. అందుకని మైకు బొమ్మని నొక్కి పైకి జరిపితే తాళం పడి దానంతట అదే రికార్డవుతుందని, అయిపోయాక ఆకుపచ్చ బాణం నొక్కాలని నేర్పించాను. మూడు వారాలు బాగానే జరిగింది. దేశం కోసం, వర్షాల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, రెండు నిమిషాల్లో ముగించి పంపేది. నేను షాపులో అందరికీ వినిపించి, ఇదిగో మా మామ్మ, రేడియో స్టేషన్ అని చెప్పుకున్నాను.

నాలుగో మంగళవారం మామ్మ ప్రార్థన చేసి ఆమేన్ అంది. ఆమేన్ అంటే అయిపోయినట్టు. డెబ్బై ఏళ్ళుగా ఆమె ఎరిగిన లోకంలో ఆమేన్ తర్వాత ఏదీ కొనసాగదు. జనం కళ్ళు తెరుస్తారు, చెప్పులు వెతుక్కుంటారు. ఫోన్ కూడా ఆమేన్ వినగానే ఆగిపోయి ఉంటుందని అనుకుంది. బాణం తర్వాత నొక్కొచ్చులే అని దాన్ని పక్కన పెట్టి, పాలపిండి డబ్బా తెరిచింది. అందులో ఆ రోజు పదకొండు పిక్కలున్నాయి. పదకొండింటికీ ఇంటిపేరు, తండ్రిపేరు, వీధి, గేటు రంగు. అన్నీ అయ్యాక, నేను నేర్పిన పాఠం మర్చిపోకుండా, ఆకుపచ్చ బాణం నొక్కింది. నలభై మూడు నిమిషాల ఆడియో గ్రూపులోకి వెళ్ళిపోయింది.

మొదట ఎవరూ వినలేదు. నలభై మూడు నిమిషాల ప్రార్థన పొద్దున్నే ఎవరు వింటారు? పాస్టరు గారితో సహా పద్నాలుగు మంది వినకుండానే దండం బొమ్మ పెట్టారు. విన్న మొదటి మనిషి ఇమ్మానుయేలు తాత. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, ఇప్పుడు వినడమే ఆయన పని. మనవడు నేర్పాడట, వేగం పెంచి విన్నాడు. పద్దెనిమిదో నిమిషం దగ్గర తన పేరు వినిపించింది. ఆయన ముసలి గుండె పొంగిపోయి, లీలారాణమ్మ గారు నా కోసం కూడా ప్రార్థించారు, పద్దెనిమిదో నిమిషం దగ్గర వినండి అని గ్రూపులో పెట్టాడు. ఆయనకి చెడ్డ ఉద్దేశం లేదు. ఆ తర్వాత ప్రతివాళ్ళూ తమ పేరుందేమోనని వెతకడం మొదలుపెట్టారు. తమ పేరు వెతుకుతూ పక్కింటివాళ్ళ పేరు విన్నారు. పది గంటలకల్లా ఎవరిది ఎన్నో నిమిషమో చీటీలాంటి జాబితా ఒకటి చేతులు మారుతోంది.

నేను పదకొండింటికి చూశాను. ఒక ఫోన్‌కి గ్లాసు అంటిస్తున్నాను. మధ్యలో బుడగ వచ్చేసింది. దాన్ని అలాగే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. మామ్మ తోటకూర వలుస్తోంది. ఆమె ఫోన్ తీసి, ఆ ఆడియోని అందరి దగ్గరా చెరిగిపోయేలా డిలీట్ చేశాను. ఈ సందేశం తొలగించబడింది అని దాని స్థానంలో వచ్చింది. అది చూసి అంతవరకూ విననివాళ్ళు కూడా అదేమిటో పంపమని పక్కవాళ్ళని అడిగారు. గ్రూపులో చెరిగింది, అంతే. ఎవరెవరో ఎవరెవరికో పంపుకున్న కాపీలు నా చేతిలో లేవు. సాయంత్రానికి సంఘంతో సంబంధం లేని మా ధర్మేంద్ర గారికి కూడా ఎవరో పంపారు. ఆయన వినలేదని నాతో చెప్పాడు. నేను కూడా ఊఁ అన్నాను.

మామ్మకి జరిగింది చెప్పాను. చెప్పడానికి ఎక్కువ సేపు పట్టలేదు. కాడలు వలవడం ఆపకుండానే వింది.

“పదకొండూ ఎల్లిపోనాయా?” అని అడిగింది.

“ఎల్లిపోనాయి మామ్మా.”

“విక్టరుది కూడానా?”

నేను తలూపాను. మామ్మ ఇంకో కాడ అందుకుని వలిచింది. వలిచిన ఆకులూ పారేసే కాడలూ ఒకే చాటలో వేస్తోందని నేను కాసేపటికి గమనించాను. చెప్పలేదు.

విక్టరు సంగతి ఇది. మిగతా పదిమంది సంగతులు నేను రాయను, ఊరంతా విన్నదే అయినా రాయను. విక్టరు మాత్రం రాసుకోమని తనే చెప్పాడు. అతను భోగాపురం దగ్గర రోడ్డు పనుల్లో క్రేన్ నడిపేవాడు. ఆదివారం పొద్దున్నకి ఇంటికి వచ్చి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయేవాడు. షుగర్ వల్ల అతని కుడికన్ను మసకబారింది. విజయనగరంలో కంటి డాక్టరు, ఇక క్రేన్ ఎక్కవద్దని చెప్పాడు. విక్టరు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మళ్ళీ క్రేన్ ఎక్కాడు. పనిలో ఎవరికీ చెప్పలేదు. భార్య స్వర్ణకీ చెప్పలేదు. ఆ కాగితం ఒక్క మామ్మకే చూపించాడు, అప్పటికి నాలుగు నెలల కిందట. అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మామ్మ అతన్ని రాతిబల్ల దగ్గర కూర్చోబెట్టి, దిగిపో అని చెప్పేది. ఎవరికీ సలహా ఇవ్వని మనిషి అతనికి మాత్రం ఒకే మాట, వారం వారం. చివరికి, ఈ నెలాఖరుకి నేనే చెప్పి దిగిపోతానని మాటిచ్చాడు. ఆ మాట ఇచ్చింది ఆదివారం. ఆడియో వెళ్ళింది మంగళవారం.

ఆడియోలో ముప్పై ఒకటో నిమిషం దగ్గర, బోనెల యోహాను కొడుకు విక్టరు, పాత పోస్టాఫీసు వెనక వీధి, నీలం గేటు, అతని కుడికన్ను, భోగాపురం, క్రేను, నాలుగు నెలలుగా పనిలో చెప్పని సంగతి, భార్యకి చెప్పని సంగతి, నెలాఖరుకి దిగుతానన్న మాట, అన్నీ వరసగా ఉన్నాయి. సంఘంలో ఒకరి అల్లుడు అక్కడే పనిచేస్తున్నాడు. బుధవారం విక్టరుని కంటి పరీక్షకి పంపారు. గురువారం మధ్యాహ్నం అతను సంచీతో కోటబొమ్మాళి స్టేషన్లో దిగాడు. నేను షాపులోంచి చూశాను. నీడ కోసం గొడుగు తీసినవాడు, దాన్ని తెరవకుండా చేత్తో పట్టుకుని ఎండలో వెళ్ళిపోయాడు.

అంతకుముందురోజు, బుధవారమే, స్వర్ణ వచ్చింది. ఆమె ఎప్పుడు వచ్చినా పెరటివైపే వచ్చేది. ఆ రోజు వీధి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అరవలేదు, ఏడవలేదు. మామ్మ గడప దగ్గర నిలబడి ఉంది.

“అమ్మగోరూ, నా మొగుడి కన్ను సంగతి నాకంటే ముందు ఊరికి తెల్సింది,” అంది. “నిన్న సంతలో వంకాయలమ్మే మనిషి నన్నడిగింది, మీ ఆయనికి ఎలాగున్నాదమ్మా అని. నానేటి సెప్పాల? నాకు తెల్దని సెప్పాలా?”

 స్వర్ణ గేటు గడియ మీద చెయ్యి వేసింది.

“మీకు నాలుగు నెలల నుంచీ తెల్సు. ఆదోరం ఆదోరం నాను మీ పక్కనే కూకున్నాను,” అని గేటు జాగ్రత్తగా గడియపెట్టి మరీ వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మా పెరటి తలుపు దగ్గర ఎవరూ దగ్గలేదు. నాలుగయ్యేది, ఐదయ్యేది. మామ్మ అలవాటుగా రాతిబల్ల మీద కూర్చునేది, చీకటి పడే ముందు లోపలికి వచ్చేది. సాయంత్రాలు మా వీధిలో నడిచేవాళ్ళు రెండో వైపునుంచి నడిచేవారు. ఐదింటికి లేవడం మామ్మ మానలేదు. లేచి చాప మీద కూర్చునేది. డబ్బా తెరిచేది కాదు. పెదవులు కదిలేవి కావు. నేను దుప్పటిలోంచి చూసేదాన్ని. అన్నం పెడితే తినేది, స్నానానికి నీళ్ళు కాగాయంటే వెళ్ళేది. కోపం తెప్పిద్దామని ఒకరోజు ఆమె బైబిల్లో గుర్తుకి పెట్టుకున్న రిబ్బను తీసి జడకి కట్టుకుని ముందు తిరిగాను. చూసింది. చూసినట్టు ముఖంలో ఏమీ కనిపించలేదు. నేనే విప్పి మళ్ళీ పుస్తకంలో పెట్టాను, సరైన పేజీ ఏదో తెలియక ఎక్కడో పెట్టాను.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను తిట్లు తినడానికి తయారై ఉన్నాను, తిరుగు జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. బాణం నొక్కమని చెప్పాను గానీ ఎప్పుడు నొక్కాలో సరిగ్గా చెప్పలేదు. చెప్పానని ఎవరైనా అన్నా, ఆమేన్ సంగతి నాకు తట్టలేదు. నేను కూడా అదే సంఘంలో పెరిగినదాన్ని, తట్టాల్సింది. మామ్మ ఫోన్‌ని స్విచ్చాఫ్ చేసి, చార్జరుతో సహా నా పరుపు మీద పెట్టింది. అది కూడా మడిచిన బట్టలు పెట్టినట్టే పెట్టింది.

పదో రోజున సత్యానందం గారు వచ్చారు. మంచి మనిషి. కుర్చీలో కూర్చుని, జరిగినదాంట్లో కూడా దేవుని చిత్తం ఉందని, ఆ కన్నుతో విక్టరు క్రేన్ మీద ఇంకొన్నాళ్ళుంటే కింద ఉన్నవాళ్ళ ప్రాణాలకి ముప్పు వచ్చేదని, ఒక రకంగా మామ్మ పొరపాటు వాళ్ళని కాపాడిందని చెప్పారు. నాకు ఆ మాట నచ్చింది. అలా అనుకుంటే బాగుంటుందని మామ్మ వైపు చూశాను. నాలుగు నెలలు ఆ కాగితం సంగతి దాచడం తప్పా ఒప్పా అని నాకూ లోపల ఒక ప్రశ్న ఉంది. మామ్మ టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

“ఆడు దిగుతానన్నాడు బాబూ. దిగడానికి కాలు కింద పెడతన్నాడు. నాను ఎనకనుంచి తోసీసినాను. కింద పడినోడిని సూసి, దిగాడు కదా అంటన్నారు మీరు.”

పాస్టరు గారు టీ చల్లారేదాకా కూర్చుని, ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆయన ఆమేన్ అన్నప్పుడు మామ్మ అనలేదు.

ఆ మర్నాడు మామ్మ తెల్లచీర కట్టింది. మోకాళ్ళు బాగోలేని మనిషి, గొడుగు తీసుకుని వీధిలోకి దిగింది. నేను షాపు మానేసి వెంట వెళ్ళాను. పదకొండు ఇళ్ళు. ఒక్కరోజులో అవ్వలేదు, మూడు రోజులు పట్టింది. ప్రతి ఇంటి దగ్గరా నన్ను గేటు బయట నిలబెట్టి తను లోపలికి వెళ్ళేది. రెండు నిమిషాల్లో తిరిగి వచ్చేది. కొన్ని ఇళ్ళలో తలుపే తియ్యలేదు, అక్కడ గడప ముందు రెండు నిమిషాలూ నిలబడి వచ్చింది. ఇమ్మానుయేలు తాత ఒక్కడే మజ్జిగ ఇచ్చాడు. ఆయన తన గురించిన సంగతి అందరికీ తెలిసినందుకు ఏమాత్రం బాధపడినట్టు లేదు, నన్ను పిలిచి వేగం ఇంకా పెంచడం ఎలాగో అడిగాడు. మామ్మ ఆ ఇంటినుంచి బయటికి వచ్చి గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. మోకాళ్ళా అని అడిగాను. ఊఁ అంది.

నీలం గేటు ఇల్లు ఆఖరున పెట్టుకుంది. స్వర్ణ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు, పక్కకి జరిగింది. ఈసారి రెండు నిమిషాలు కాదు, ముప్పావు గంట. నేను ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను. మాటలు వినపడలేదు. నిజం చెప్పాలంటే విందామని గోడ దాకా వెళ్ళాను, అయినా వినపడలేదు. మామ్మ బయటికి వచ్చినప్పుడు విక్టరు గేటు దాకా వచ్చాడు. గేటు మెట్టు అతనికి కుడివైపు ఉంది. దాన్ని కాలితో వెతుక్కున్నాడు. మామ్మ అతని చెయ్యి పట్టుకోబోయి మానేసింది. అతనే మామ్మ చెయ్యి పట్టుకుని దిగాడు.  దారిలో ఏం మాట్లాడుకున్నారని నేను మూడుసార్లు అడిగాను. మూడోసారి అడిగినప్పుడు ఎండగా ఉంది, గొడుగు సరిగ్గా పట్టమంది.

ఇది జరిగి ఐదు నెలలు. విక్టరుకి ఆ కంటికి సూదిమందు వేస్తున్నారు, ఇంకా పాడవకుండా ఉంటే చాలన్నారట. రైస్ మిల్లులో బస్తాల తూకం దగ్గర కూర్చుంటున్నాడు. స్వర్ణ చర్చిలో మామ్మ పక్కన కూర్చోవడం లేదు, రెండు వరసల వెనక కూర్చుంటోంది. ఒకామె మొన్నామధ్య మా పెరటి తలుపు దాకా వచ్చి, దగ్గకుండా వెళ్ళిపోయింది. మామ్మ లోపలినుంచి చూసింది. పిలవలేదు. అమ్మా నాన్నా ఇంట్లో ఫోన్లు మోగకుండా పెట్టుకుంటున్నారు. మామ్మ అడగలేదు, వాళ్ళే అలా చేస్తున్నారు. నేను షాపులో, ఫోన్ తెరిచి ఇచ్చి వెళ్ళిపోతున్నవాళ్ళని వెనక్కి పిలిచి, లాక్ చేసి ఇమ్మంటున్నాను. ధర్మేంద్ర గారికి నాకు పిచ్చి పట్టిందని అనుమానం.

గత ఆదివారం సాయంత్రం పెరటి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. విక్టరు. రాతిబల్ల మీద మామ్మకి ఎడమవైపు కూర్చున్నాడు, బాగున్న కన్ను ఆమె వైపు ఉండేలా. చాలాసేపు మాట్లాడాడు. మామ్మ ఒకటి రెండుసార్లు తలూపింది. ఒకసారి నవ్వినట్టు కూడా నాకు అనిపించింది, కానీ అంత దూరంనుంచి ఒట్టు పెట్టి చెప్పలేను. బట్టలు ఆరేసి లేవు కాబట్టి అటు వెళ్ళడానికి వంక దొరకలేదు. ఒక తడి రుమాలు పట్టుకుని బయల్దేరాను. నేను సగం దూరం వెళ్ళేసరికి ఇద్దరూ మాట ఆపేశారు.

ఇంతవరకూ రాసి, నిన్న మామ్మకి చదివి వినిపించాను. మొదట్లో పొగిడిన చోట ముఖం చిట్లించింది. తోటకూర దగ్గర, ఆకులూ కాడలూ కలిపేసిన సంగతి నాకు తెలుసు అంది. మిగతాదంతా గోడకేసి చూస్తూ వింది. అయిపోయాక, కథ సగంలో ఆగిపోయింది మామ్మా, మొన్న విక్టరు ఏం చెప్పాడో ఒక్క ముక్క చెప్పు, క్షమించానన్నాడా, లేదన్నాడా, అది రాస్తే సరిపోతుంది అని బతిమాలాను. మామ్మ కాళ్ళు చాపుకుంది, మోకాళ్ళ మీద చెంగు సర్దుకుంది, నా వైపు తిరిగింది.

“నీకు సెప్పనే. నువ్వు రాసీస్తావు.”